అమ్మ తడిమిన వెదురుబద్ద

ఊళ్లో గొడవల వల్ల జాతర జరగక రెండేళ్లుగా కొట్టంలో పడి ఉన్న మా కచ్చురాన్ని ఈ రోజు బాగుచేశాం. ఎములపల్లి జాతరలో మూడు రోజులూ ఈ గూడుబండే మా ఇల్లు. నిరుడు జ్వరంతో చెల్లి పోయినప్పటి నుంచి గడప దాటని అమ్మ, బండి బాగైతే తానూ వస్తానంది. అందుకే బడికి సెలవు కావడంతో పొద్దున్నే, బండ్లు చేసే వడ్ల రాములు మామ పక్కన చేరాను. గూడుకు కొత్త వెదురుబద్దలు వంచి కట్టాం, కొత్త చాప కప్పాం. చక్రానికి తొడిగే ఇనుప పట్టాను కాల్చడానికి మంట పెడితే, పాత బద్దలన్నీ నేనే ఏరి అందులో వేశాను.

సాయంత్రం అమ్మ సంతోషంగా బండెక్కింది. తల పైనున్న నడిమి బద్దను చేత్తో తడిమి చూసింది.

"పాత బద్ద ఏదిరా?"

"మంటల ఏసిన్నే అమ్మా. తాడు ఒరుసుకొని సగం అరిగింది గద!"

"చెల్లె ఉయ్యాల తాడు రా అది. ఎములపల్లికి పోయినన్నిసార్లు ఆ బద్దకే కట్టిన."

రాములు మామ తల దించుకున్నాడు. "ఒక్క మాట చెప్తే తీసిపెడుదు గదక్కా."

"గాడనే ఉంటదనుకున్న తమ్మీ," అని అమ్మ మెల్లగా దిగింది. "మీరు పోయి రాండ్రి."

బూడిదంతా వెతికాను. ఏమీ మిగల్లేదు. నోటుపుస్తకంలో రోజుకు పది కొత్త మాటలు రాసుకునే నాకు, అమ్మతో అనడానికి ఒక్కటీ దొరకలేదు. ఇది చదివే మీకు తోస్తే చెప్పండి. బండి మాత్రం చాలా బాగా కుదిరింది.