తొమ్మిదోసారి పాడిన పాట

మా అమ్మ తమ్ముడు గిటారు పట్టుకుంటే పొయ్యి మీద పాలు పొంగినా ఇంట్లో ఎవరూ లేచేవాళ్లు కాదు. ఇరవై రెండేళ్లకే స్నేహితులతో బ్యాండు పెట్టి, కాలేజీల్లో, హోటళ్లలో వాయించి, రెండు క్యాసెట్లు కూడా విడుదల చేశాడు.

ఒక ప్రోగ్రాముకి వ్యాన్‌లోంచి పెద్ద స్పీకరు దింపుతుంటే అది జారి మామయ్య ఎడమచేతి మీద పడింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ రెండు వేళ్లు వంగడం మానేశాయి. తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే. నాలుగు నెలలు గిటారు వైపు చూడకుండా గోడకి తిరిగి పడుకున్నాడు. చివరికి అమ్మే గదిలోకి వెళ్లి, "వేళ్లు పోయాయి సరే, చెవులు కూడా పోయాయేంట్రా?" అంది.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మందుల షాపు మేడ మీద రెండు గదులు తీసుకుని, గోడలకి పాత పరుపులు కొట్టి, ఇతరుల పాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాడు. "పాటకి ఊపిరాడనివ్వండయ్యా" అంటూ వాద్యాలు సగం తీయించేసేవాడు. వాయించేవాళ్లు గొణుక్కునేవాళ్లు, విన్నాక వాళ్లే తలూపేవాళ్లు.

ఒకరోజు తనెక్కిన బస్సులో కండక్టరమ్మ టికెట్లు కొడుతూ కూనిరాగం తీస్తోంది. వింటూ వింటూ దిగాల్సిన స్టాపు దాటిపోయాడు. "ఇంకో టికెట్ తీసుకోండి" అందామె. తీసుకుని, స్టూడియోకి రమ్మన్నాడు. మూడు వారాలు బతిమాలాక చెల్లెల్ని తోడు తెచ్చుకుని వచ్చింది.

మైకు ముందు నిలబడి రెండుసార్లు మొదలుపెట్టి ఆపేసింది. "ఊరికే ప్రాక్టీసండీ, రికార్డు చేయట్లేదు" అన్నాడు మామయ్య. అప్పుడామె పాడిన తీరుకి చెల్లెలి కళ్లు చెమర్చాయి. అయ్యాక సంబరం పట్టలేక టేపు వెనక్కి తిప్పి వినిపించాడు.

ఆమె మొహం కందగడ్డయింది. "అబద్ధం చెప్పి పాడించుకున్నారా? అడిగి ఉంటే వద్దనేదాన్నా?"

"ఇంత బాగా మళ్లీ రాదండీ..."

"రాకపోతే పోనివ్వండి."

 మామయ్య ఆమె చూస్తుండగానే టేపు మొత్తం చెరిపేశాడు.

పది రోజులకి ఆమె ఒక్కతే వచ్చింది. డ్యూటీ నుంచి నేరుగా, యూనిఫాంలోనే. "ఇప్పుడు చెప్పి చేయండి" అంది. పదకొండుసార్లు పాడింది. ఆ మొదటిదానంత బాగా ఒక్కటీ రాలేదు. కొంచెం వణుకు, బోలెడు పంతం ఉన్న తొమ్మిదోదాన్ని మామయ్య ఉంచాడు. ఆ ఏడాది ఏ రేడియో పెట్టినా అదే పాట. క్యాసెట్ అట్ట మీద ఆమె పేరు పెద్దగా, తన పేరు వెనకాల చీమ తలకాయంత వేయించాడు.

తర్వాత ముప్ఫై ఏళ్లు పాటలు చేశాడు. ఆ పాట వచ్చిన రెండేళ్లకి ఆ కండక్టరమ్మ మా అత్తయ్య అయింది. ఉద్యోగం మాత్రం వదల్లేదు. పొద్దున బస్సు, సాయంత్రం పాట. ఇప్పుడు ఇద్దరూ ఇంట్లోనే ఉంటారు. రేడియోలో ఏ కొత్త పాట వచ్చినా కీచులాడుకుంటారు. నేను వెళ్తే తీర్పు చెప్పమంటారు. నేనెప్పుడూ అత్తయ్య పక్షమే. మామయ్య పైకి అలుగుతాడు గానీ, లోపల తనూ అటే అని నా అనుమానం.