పాప డోలు కొట్టిన వేసవి

మా పాపకు సరిగా వినపడుతోందా లేదా అన్న అనుమానం ఆమె నాలుగో తరగతిలో ఉండగా మొదలైంది. వెనక నుంచి పిలిస్తే పలికేది కాదు. ఎదురుగా నిలబడితే మాత్రం నేను పూర్తిగా నోరు తెరవకముందే "ఆఁ" అనేది. ఆటలో పడి వినలేదనుకున్నాను కొన్నాళ్లు. మొండితనం అనుకున్నాను కొన్నాళ్లు. ఆ తర్వాత భయం పట్టుకుంది. పాప అటు తిరిగి ఉన్నప్పుడు గిన్నె మూత కింద పడేసి చూసేదాన్ని. ఒకసారి తిరిగి చూసేది, ఒకసారి చూసేది కాదు. నిండు బిందె ధబ్బున దించితే మాత్రం ప్రతిసారీ తిరిగేది.

మా అత్తమ్మది నడిగూడెం. మాట దాచుకునే మనిషి కాదు. "మూతలన్ని సొట్టలు వడగొట్టినవ్. పిల్లకేం గాలె. నీకే పానం నిలకడ లేదు" అనేది. మా ఆయన మేముండే సూర్యాపేటలోనే ఒక ఆఫీసులో గుమస్తా. "నువ్వు సదివిన డిగ్రీ అంత భయపడనీకే అక్కెరకొచ్చింది" అని నవ్వేవాడు.

వాళ్లను అనడానికి లేదు. అంతకుముందు పాపకు జ్వరం వస్తే మెదడువాపేమోనని ఏడ్చాను. బడి నుంచి కొంచెం ఆలస్యంగా వస్తే రోడ్డు మీదికి ఉరికాను. అవన్నీ ఉత్త భయాలే అయ్యాయి. అందుకని ఈసారి కూడా నా మాట ఇంట్లో చెల్లలేదు. నాకు కూడా ఆ మాట తప్పయితేనే బాగుండుననిపించేది.

పాప ఐదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో మా వీధి చివరి బడిలో పిల్లలకు బ్యాండు నేర్పుతారని తెలిసింది. నేర్పే మాస్టరు పెళ్లిళ్ల బ్యాండు నడిపేవాడు. వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో శాక్సఫోన్ వాయించాడట. అక్కడ పట్టుకున్న జాజ్ పిచ్చి ఆయనను వదల్లేదు. ఊరేగింపుల్లో అవే సినిమా పాటలు వాయించీ వాయించీ విసిగిపోయి, సెలవుల్లో సూర్యాపేటలో ఒక గుంపుకు, కోదాడలో ఒక గుంపుకు నేర్పి, చివర్లో రెండింటినీ కలిపి పెద్ద బ్యాండు చేయాలనుకున్నాడు. మిర్యాలగూడలో ఆయన మేనకోడలి పెళ్లి ఉంది. ఆ ఊరేగింపులో ఈ పిల్లలే వాయించాలని ఆయన కోరిక.

"జాజ్ అంటే ఏంది సార్?" అని అడిగాను, పాపను చేర్పించడానికి వెళ్లినప్పుడు.

"అందరు కలిసే నడుస్తుంటరమ్మా. నడుమ ఒక్కడు బయటికొచ్చి తన మనసుల ఉన్నది వాయించుకుంటడు. మల్ల పోయి గుంపుల కలుస్తడు. ఎవ్వరు ఎవ్వర్ని కోపం జెయ్యరు" అన్నాడు.

నాకు జాజ్ అక్కర్లేదు. నా లెక్క వేరే. వినపడని పిల్ల పదిమందితో కలిసి వాయించలేదు. వాయించిందంటే వినపడుతున్నట్టే. ఆ ఒక్కటి నా కళ్లతో చూసుకుంటే మళ్లీ గిన్నెల జోలికి పోనని నాకు నేనే చెప్పుకున్నాను.

మొదట పాపకు క్లారినెట్ ఇచ్చాడు. ఊదితే సన్నగా కీచుమనేది. మిగతా పిల్లలు చెవులు మూసుకుని నవ్వేవాళ్లు. పాప వాళ్లను చూసి తనూ నవ్వేది, ఇంకా గట్టిగా ఊదేది. కొద్దిరోజులకే మాస్టరు క్లారినెట్ తీసుకుని పెద్ద డోలు పట్టీ ఆమె మెడలో వేశాడు. డోలు గడ్డం దాకా వచ్చింది. నాకు కడుపు మండింది.

"ఆడపిల్లకు గంత డోలు ఏంది సార్? ఊదుడు రాకపోతే నేర్పాలె గని!"

"జర ఓపిక పట్టి సూడండమ్మా. పెద్ద పెద్దోళ్లు సుత జోరెక్కితే ఉరుకుతరు. ఈ పిల్ల ఉరకది. మీ పాప కొడుతుంటే నాకు ఎనక్కి సూసే పనే లేదు."

నిలబడి చూశాను. నిజమే. తక్కినవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడుతున్నారు గానీ డోలు దెబ్బ మాత్రం తప్పడం లేదు. పాప ముఖంలో నేను అంతకుముందు ఎన్నడూ చూడని నెమ్మది. ఇంటికి వచ్చి ఆ మాట చెబితే అత్తమ్మ, "అయితే ఇగనన్న నా గిన్నెలు నాకు ఇడిసిపెట్టు తల్లీ" అంది. ఆ రోజు నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. చాలా నెలల తర్వాత భయం లేకుండా అన్నం తిన్నాను.

ఒకటి గమనించాను గానీ పట్టించుకోలేదు. పాప ఎప్పుడూ వెనక వరసలో ఎడమ కొసనే నిలబడేది. అక్కడి నుంచి ముందు నిలబడ్డ మాస్టరు మోచెయ్యి కనపడుతుంది. ఎవరైనా ఆ చోటికి వస్తే, "జరుగు, గీడ నేనుంట" అని భుజంతో నెట్టేది. పిల్లల పట్టింపులు అలాగే ఉంటాయనుకున్నాను.

మాస్టరు పిల్లలకు పాటలతో పాటు ఊరేగింపు పద్ధతులు కూడా నేర్పేవాడు. అందులో ఒకటి, దారిలో ఎవరింట్లోనైనా చావు జరిగి ఉంటే బ్యాండు ఆపాలి. ఆపమని అరవకూడదు, ఈల వేయకూడదు. ముందు నడిచే మాస్టరు క్లారినెట్ నోటి నుంచి తీసి కిందికి దించుతాడు. ఆ పాట ఆగగానే వెనకవాళ్లు ఒక్కొక్కరూ ఆపేస్తారు. కాళ్లు మాత్రం ఆగవు. తలలు దించుకుని, అడుగుల చప్పుడు కూడా తగ్గించి, ఆ ఇల్లు దాటేదాకా నడవాలి. దాటాక నాలుగైదు ఇళ్లు పోయి మళ్లీ ఎత్తుకోవాలి. "మనది సంబురం. వాళ్లది దుఃఖం. మన సంబురం వాళ్ల చెవుల పడొద్దు" అని ఆయన ప్రతిరోజూ చెప్పేవాడు.

పెళ్లికి వారం ముందు కోదాడ పిల్లలు కూడా సూర్యాపేట వచ్చారు. రెండు గుంపులూ కలిసి సాయంత్రం పూట ఊళ్లో ఒక చుట్టు తిరిగి రావాలని మాస్టరు అన్నాడు. తల్లులం వెనక నడిచాం. కోదాడ పిల్లల మాట కొంచెం ఆంధ్ర వైపు ఉంటుంది. వాళ్లు "ఏంటండీ, ఎక్కడండీ" అంటుంటే మా పిల్లలు ఆ మాటలే పట్టుకుని ఆటపట్టించారు. అందరూ నవ్వుకుంటూనే బయలుదేరారు.

పెద్ద రోడ్డు మీద బ్రహ్మాండంగా సాగింది. దుకాణాల వాళ్లు బయటికి వచ్చి చూశారు. నా పిల్ల కొట్టిన డోలు మీద ఇంతమంది నడుస్తున్నారని నాకు గర్వంగా ఉంది. అక్కడి నుంచి ఒక సందులోకి మళ్లారు. సందు ఇరుకు కావడంతో వరసలు విరిగి పిల్లలు ఇద్దరిద్దరుగా అయ్యారు. పాప చోటు మారిపోయింది. ఆమె ముందుకు కోదాడ నుంచి వచ్చిన ఒక పొడుగు పిల్లవాడు, భుజం మీద పెద్ద బాకాతో వచ్చాడు. డోలు పైనుంచి చూస్తే ఆమెకు అతని వీపు తప్ప ఏమీ కనపడదు.

సందు మధ్యలో ఒక ఇంటి ముందు టెంటు వేసి ఉంది. వాకిట్లో శవం. చుట్టూ ఆడవాళ్లు. మాస్టరు క్లారినెట్ దించాడు. పాట ఆగింది. బాకాలు ఆగాయి, తాళాలు ఆగాయి. పిల్లలందరూ నేర్పినట్టే తలలు దించుకుని నడుస్తున్నారు.

డోలు ఆగలేదు.

ఆ నిశ్శబ్దంలో నా పిల్ల ఒక్కతే కొట్టుకుంటూ నడుస్తోంది. ఒక్క దెబ్బా తప్పడం లేదు. వెనక నుంచి "బిడ్డా, ఆపు!" అని అరిచాను. చావింటి ముందు అరవకూడదన్నది కూడా మరిచిపోయి ఇంకోసారి అరిచాను. తిరిగి చూడలేదు. టెంటులోంచి ఒకాయన లేచి వచ్చాడు. "ఎవ్వరి పొల్ల ఇది? కండ్లు నెత్తికెక్కినయా? పీనుగ కనపడ్తలేదా?" అన్నాడు. మాస్టరు వెనక్కి పరుగెత్తుకొచ్చి డోలు తోలు మీద అరచెయ్యి పెట్టాడు. అప్పుడు ఆగింది. తల ఎత్తి ఆయన ముఖం చూసి, పాట అయిపోయిందనుకుని, బాగా కొట్టానా అన్నట్టు నవ్వింది.

"అగో, నవ్వుతుంది సూడు!" అని టెంటులో ఎవరో ఆడమనిషి గొల్లుమంది. మాస్టరు ఆ ఇంటివాళ్లకు చేతులు జోడించి నిలబడ్డాడు. నేను పాపను డోలుతో సహా పట్టుకుని సందు దాటించాను. ఏమైందో ఆమెకు ఇంకా తెలియదు. నాకు తెలిసిపోయింది.

ఇంటికి వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"నీకు ఇనపడ్తలేదా?"

చాలాసేపు నా నోటి వంకే చూసింది. "కొంచెం ఇనపడ్తది. సార్ మోచెయ్యి సూసి కొడ్త. ఇయ్యాల కనపడలె."

"ఎప్పటిసంది గిట్ల?"

"తెల్వదు. నాలుగో తరగతిల నువ్వు మూతలు పడేస్తుంటివి గద, అంతకుముందుసందే."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు ఏడుస్తవ్ గద."

మా ఆయన అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ రోజు నవ్వలేదు.

హైదరాబాద్‌లో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు ఫోన్లలాంటివి పెట్టి, చప్పుడు వినపడ్డప్పుడల్లా వేలు ఎత్తమన్నారు. నేను అద్దం బయట నిలబడ్డాను. పాప వేలు ఎత్తుతూనే ఉంది. నా ఊపిరి కొంచెం ఆడింది. అంతలో డాక్టరు లోపలికి వెళ్లి ఆమె కుర్చీని గోడ వైపు తిప్పాడు. అద్దం ఇవతల మీటలు నొక్కే అమ్మాయి చెయ్యి చూసి వేలు ఎత్తుతోందట. కుర్చీ తిప్పాక ఆ వేలు ఎంతసేపు చూసినా లేవలేదు. ఎప్పుడో ఒకసారి లేచింది.

నరం బలహీనత అన్నాడు. రెండు చెవులకూ ఉంది, వినికిడి మెల్లమెల్లగా తగ్గుతూ పోతుంది, చెవికి మిషను పెడితే కొంత ఉపయోగం అన్నాడు. డోలు సంగతి చెబితే తల అడ్డంగా ఊపాడు. "పెద్ద చప్పుళ్లకు దూరంగా ఉంచండి. ఉన్నదాన్నైనా కాపాడుకోవాలి."

బస్సులో ఆ మాట పాపకు మెల్లగా, పెదవులు కనపడేట్టు చెప్పాను.

"డోలు కొట్టకపోతే పోదా?" అంది.

"ఇంకొన్ని రోజులు ఎక్కువ ఉంటది."

"ఎన్ని రోజులు?"

"తెల్వదు బిడ్డా."

"ఎట్లనన్న పోయేదే గద. మిర్యాలగూడల ఒక్కసారి కొట్టొస్తనమ్మా. ఒక్కసారే. మల్ల అడగ."

విచిత్రంగా ఇంట్లో అందరూ ఆమె వైపే అయ్యారు. "ఒక్కనాటికి ఏమైతది? పోరి మనసు ఇరగ్గొట్టకు" అన్నాడు మా ఆయన. అత్తమ్మ నా గడ్డం పట్టుకుని బతిమాలింది. మాస్టరు ఇంటికి వచ్చి, చావింటి సంగతి ఒక్క మాట కూడా ఎత్తకుండా, "ఈసారి నేను పాప ముంగటనే నడుస్త. ఆమెకు నేను కనపడకుండ ఎవ్వర్ని నిలవనియ్య. మీరు పరేషాన్ గావద్దమ్మా" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. ఇన్నాళ్లూ నా భయం ఉత్తదన్నారు, అది నిజమైంది. ఈ భయం కూడా నిజమైతే ఆ మిగిలిన కాస్తా నా చేతులతో నేనే పోగొట్టినట్టవుతుంది. నాకు అది తప్ప వేరే ఏదీ తోచలేదు. పాప ఏడవలేదు. డోలు కర్రను గుడ్డతో తుడిచి మాస్టరు చేతిలో పెట్టి, లోపలికి వెళ్లి పడుకుంది.

ఆ కొద్దిపాటి వినికిడి ఇప్పటికీ ఏడాదికేడాది తగ్గుతూనే ఉంది. పాప పదో తరగతికి వచ్చింది. చెవికి మిషను పెట్టుకున్నా నా మాట చాలావరకు పెదవుల మీదే చదువుకుంటుంది. ఆ ఒక్క సాయంత్రం కొట్టనిచ్చి ఉంటే ఇంతకంటే ఎక్కువ పోయేదా, ఇంతే పోయేదా అన్నది నాకు తెలియదు. డాక్టర్లను అడగడానికి నోరు రాలేదు.

ఆ వేసవిలో, కొట్టనివ్వకపోతే కనీసం ఊరేగింపు చూడనివ్వమంది పాప. అది కాదనలేకపోయాను. మిర్యాలగూడకు తీసుకెళ్లి, ఆమె చెవుల్లో దూది పెట్టి, ఊరేగింపు వచ్చే దారికి అవతల ఒక బట్టల దుకాణం మెట్ల మీద నిలబెట్టి చెయ్యి పట్టుకున్నాను. బ్యాండు వచ్చింది. పిల్లలకు ఎర్ర కోట్లు వేశారు. డోలు ఆ కోదాడ పొడుగు పిల్లవాడికి ఇచ్చారు. మాస్టరు క్లారినెట్ ఎత్తి వాయిస్తుంటే పెళ్లివాళ్లు చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు.

పాప డోలు వైపు చూడలేదు. పిల్లల కాళ్ల వైపు చూసింది.

"వాడు లేటు కొడ్తుండమ్మా" అంది.

నేను చెవి పెట్టి విన్నాను. నాకు బాగానే ఉన్నట్టు అనిపించింది. ఇంతలో మాస్టరు వాయిస్తూనే మెడ తిప్పి డోలు పిల్లవాడి వైపు చూశాడు.

పాప నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. తొడ మీద మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. చప్పుడు లేదు. దాన్ని ఆపమని చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. ఊరేగింపు మా ముందు నుంచి సాగిపోయేదాకా ఆ చెయ్యి ఒక్క దెబ్బా తప్పలేదు.

ఎర్ర కోట్లు మూల తిరిగి కనపడకుండా పోయాయి. నాకు డోలు ఇంకా వినపడుతూనే ఉంది. పాప చెయ్యి ఆగిపోయింది.