ఉత్తరం వైపు తలాపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో జరిగిన పెద్ద తగాదా పొలం గట్టు గురించి కాదు, బంగారం గురించీ కాదు. ఒక మంచం తలాపు ఏ దిక్కుకు ఉండాలన్న దాని గురించి. చెబితే నవ్వుతారు. నవ్వండి, నాకేం. ఆ మంచం మీద ఉన్నది మా తాత. ఆ తగాదా తెగేలోపు ఆయన కాలి పుండు ఎముక దాకా పోయింది.

మా ఊరు ఝరాసంగం దగ్గర. ఇల్లు జహీరాబాద్ పోయే బాట పక్కనే, పడమటి ముఖం. మా తాత అల్లం, చెరుకు పండించేవాడు. బాట మీద పోయే ఏ బండినీ ఊరికే పోనిచ్చేవాడు కాదు. ఎక్కడి నుంచి వస్తున్నారు, అంగట్లో అల్లం ఎట్లా పోతోంది, మీ ఊళ్లో వాన పడిందా అని అడగందే ఆయనకు ముద్ద దిగేది కాదు. అట్లాంటి మనిషికి ఒక పొద్దున పక్షవాతం కొట్టింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మూతి వంకర పోయింది. మాట ముద్దయిపోయి, ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఆయన మంచం ముందు గదిలో వేశారు. పొడుగాటి ఇరుకు గది అది, మంచం అడ్డంగా పట్టదు. తలాపు దక్షిణానికి, కాళ్లు ఉత్తరానికి. వెల్లకిలా పడుకోబెడితే ఉమ్మి గొంతుకు అడ్డం పడి ఉక్కిరిబిక్కిరి అయ్యేవాడు. అందుకని పక్కకు తిప్పి పడుకోబెట్టేవాళ్లం. ఎడమ పక్కకు తిప్పితే ముఖం గడపకు ఎదురుగా ఉంటుంది, బాట కనిపిస్తుంది. కుడి పక్కకు తిప్పితే ఉత్త గోడ. మా నాయనమ్మ ఆయనను ఎప్పుడూ ఎడమ పక్కకే తిప్పేది. బాటన పోయేవాళ్లు "ఎట్లున్నవ్ పెద్దయ్యా" అని పలకరిస్తే తాత కుడి చెయ్యి కొంచెం లేపేవాడు. ఆయనకు మిగిలిన బతుకంతా ఆ గడపలోనే ఉందని నాయనమ్మకు తెలుసు. ప్రేమతోనే అట్లా పెట్టింది. ఆమెను తిట్టుకోవాలనిపించినప్పుడల్లా ఈ సంగతి నాకు నేనే చెప్పుకుంటాను.

పడిపోయిన కాలికి స్పర్శ తక్కువ. తనంతట తాను కదపలేడు. ఎడమ కాలి చీలమండ రోజంతా నులక తాళ్లకు ఆనుకునే ఉండేది, దాని మీద రెండో కాలి బరువు. ఒకనాడు అక్కడ ఎర్రగా కందింది. రక్తం ఆడాలని నాయనమ్మ కొబ్బరినూనె పోసి గట్టిగా రుద్దింది. మరునాటికి ఇంకా ఎర్రబడింది, ఇంకా గట్టిగా రుద్దింది. తర్వాత పాత చీర ముక్కతో చుట్టబట్ట చేసింది. బిందె మోసేటప్పుడు నెత్తిన పెట్టుకుంటామే, అదే. దాని నడుమ బొక్కలో చీలమండను కూర్చోబెట్టింది. ఎముక ఇంక దేనికీ తగలదు కదా అని అందరం ఆమె తెలివిని మెచ్చుకున్నాం. నేను కూడా ఒక చిన్న చుట్టబట్ట చేసి నా కాలి కింద పెట్టుకుని చూశాను. హాయిగానే అనిపించింది. కాసేపు ఉండి లేచి ఆడుకోవడానికి పోయాను. తాత అట్లా లేచి పోలేడు కదా. వారం తిరిగేసరికి ఆ చోటు నల్లబడి, పైతోలు ఊడి, వాసన మొదలైంది.

బండి కట్టి జహీరాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. దారి పొడుగునా అమ్మ తాత కాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ఆమె వెనకాల. డాక్టరు కట్టు విప్పి చూశాడు. పుండుకు కొంచెం పక్కన ఎర్రగా ఉన్న చోట బొటనవేలితో నొక్కి వదిలాడు. "సూడమ్మా, నొక్కి ఇడిస్తె తెల్లగై మళ్ల ఎర్రగ రావాలె. ఇది తెల్లగైతలేదు. అంటే లోపట తోలు సస్తున్నది" అని అమ్మకు చూపించాడు. పైన ఎముక, కింద మంచం, నడుమ నలిగిన తోలుకు రక్తం అందదని చెప్పాడు. అట్లాంటి తోలును రుద్దితే లోపల ఇంకా చితుకుతుందని, చుట్టబట్ట చీలమండ చుట్టూ ఒత్తుకుని, అందే ఆ కాస్త రక్తాన్ని కూడా ఆపిందని చెప్పాడు. నల్లతోలు కత్తిరించి తీశాడు. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడగమన్నాడు, ఉతికి ఎండలో ఆరేసిన గుడ్డ కట్టమన్నాడు, పాలు, గుడ్డు, పప్పు బాగా పెట్టమన్నాడు. మేం బయలుదేరేటప్పుడు మళ్లీ అమ్మను పిలిచి, "మందు ఇస్తున్న గని ఉత్త మందుతోని మానదు. ఆ ఎముక మంచానికి ఆనొద్దు. రెండో దిక్కు పండబెట్టున్రి, జర జర సేపటికి కదుపుతుండున్రి" అన్నాడు.

అమ్మ అదే చేసింది. తాతను కుడి పక్కకు తిప్పింది. మోకాళ్ల నడుమ దిండు పెట్టింది, పిక్క కింద బొంత మడిచి పెట్టి చీలమండ దేనికీ ఆనకుండా చేసింది. గోడ వైపు తిరిగిన తాత కళ్లు మూసుకున్నాడు. తినడం మానేశాడు. గంజి నోట్లో పోస్తే పక్క నుంచి కారిపోయేది. బాటన ఎవరైనా పలకరిస్తే వాళ్లకు ఆయన వీపు కనబడేది, అంతే. నాయనమ్మ తట్టుకోలేకపోయింది. అమ్మ వంటింట్లోకి పోగానే ఆయనను మళ్లీ గడప వైపు తిప్పేది. "గోడను సూసుకుంట సావాల్నా ఆయన" అనేది. అమ్మ వచ్చి ఇటు తిప్పేది, ఈమె పోయి అటు తిప్పేది. ఇద్దరూ ఆయన మంచి కోరేవాళ్లే.

అప్పుడు అమ్మ మంచాన్నే తిప్పుదామంది. తలాపు ఉత్తరానికి చేస్తే, కుడి పక్కకు పడుకున్నా ముఖం గడపకే ఉంటుంది. ఈ మాటకు ఇల్లు అట్టుడికిపోయింది. "ఉత్తరం దిక్కు తలకాయ పీనుగకు పెడ్తరు. బతికున్నోనికి పెడ్తరా" అని నాయనమ్మ మంచం కోడు పట్టుకుని కూర్చుంది. మా నాయిన ఇద్దరి ముఖాలూ చూసి, ఎద్దులకు నీళ్లు పెట్టాలని బయటికి పోయాడు. ఆ రోజుల్లో మా ఎద్దులు బాగా నీళ్లు తాగాయి. వాదం నడిచినన్నాళ్లూ పుండు ఆగలేదు. లోతుకు పోతూనే ఉంది. ఆ గదిలోకి పోవాలంటే నేను తాత చూడకుండా ముక్కు మూసుకునేదాన్ని.

ఒకరోజు ముసురు పట్టింది. నులక వదులై మంచం గుంట పడిందని నాయిన తాతను కింద చాప మీదికి దించి, మంచం అరుగు మీద వేసుకుని తాళ్లు బిగించాడు. బిగించడం అయ్యాక అమ్మ రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ లోపలికి మోసుకొచ్చారు. దించాక చూస్తే, బిగింపు తాళ్లుండే కాళ్ల వైపు దక్షిణానికి వచ్చింది. తలాపు ఉత్తరానికి ఉంది. నాయనమ్మ నోరు తెరిచేలోపే అమ్మ కొంగు బొడ్లో దోపుకుని, ఆ మంచం ఎక్కి, ఉత్తరానికి తల పెట్టి పడుకుంది.

మా దిక్కు కోడలు మామ ముందు మంచం మీద కూర్చోను కూడా కూర్చోదు. అట్లాంటిది మామ కింద చాప మీద ఉండగా, మొగుడు గడపలో నిలబడి ఉండగా, ఆమె మంచం మీద పడుకుంది. "ఇటు రా బిడ్డా" అని నన్ను పిలిచింది. నాయనమ్మ చెప్పినవన్నీ నమ్మి పెరిగినదాన్ని. అయినా పోయి అమ్మ పక్కన ఒదిగి పడుకుని, ఆమె రొమ్ముకు చెవి ఆనించాను. లోపల గుండె దడదడ కొట్టుకుంటోంది. అమ్మ కూడా ఆ మాట నమ్మేదే అని నాకు అప్పుడు తెలిసింది. ఉత్తరం తలాపంటే ఆమెకూ భయమే. భయపడుతూనే పడుకుంది, కన్న బిడ్డను కూడా పక్కన పడుకోబెట్టుకుంది.

కాసేపటికి లేచి కూర్చుని, "సూడు అత్తమ్మా, నేను లేసిన. నా బిడ్డ లేసింది. ఏం కాలె" అంది.

నాయనమ్మ అరవలేదు. నెమ్మదిగా, "నువ్వు లేస్తవు. ఆయన లేస్తడా?" అంది.

అమ్మ ముఖం పాలిపోయింది. మంచం దిగి గోడకు ఆనుకుని నిలబడింది. ఇంక అయిపోయింది, మంచం మళ్లీ తిప్పేస్తారు అనుకున్నాను. అంతలో చాప మీద నుంచి తాత ఏదో అన్నాడు. మాకు అర్థం కాకపోయేసరికి మళ్లీ అన్నాడు. "గట్లనే ఎయ్యున్రి. తొవ్వ కనవడాలె." కుడి చెయ్యి చాపి నాయనమ్మ చీర కుచ్చెళ్లు పట్టుకుని, "నాకేం భయం లేదు. నువ్వు భయపడకు" అన్నాడు. నోరు తిరగక, ఆ నాలుగు మాటలకు ఆయన చెమటలు కక్కాడు.

నాయనమ్మ ఆ చెయ్యి విడిపించుకుని బయటికి పోయింది. జల్లు కొడుతున్నా అరుగు మీదే కూర్చుంది. నాయిన, అమ్మ కలిసి తాతను ఎత్తి, ఉత్తరానికి తల పెట్టి, కుడి పక్కకు తిప్పి పడుకోబెట్టారు. బాటన ఎవరో గొంగడి కప్పుకుని ఎద్దుల్ని తోలుకుపోతున్నాడు. తాత చెయ్యి లేపాడు.

మళ్లీ తినడం మొదలుపెట్టాడు. అమ్మ రోజూ పుండు కడిగేది. మొదట్లో నడుమ తెల్లగా ఎముక కనిపించేది. కొన్నాళ్లకు అంచుల్లో దానిమ్మ గింజల్లాగా ఎర్రటి కొత్త కండ వచ్చింది. అమ్మ నన్ను పిలిచి మరీ చూపించింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వగా చూశాను. కానీ చీము ఎముకలోకి ముందే పోయింది. జ్వరం పట్టుకుంది, సూదులు వేసినా వదల్లేదు. ఎర్రగా కందిన రోజుల్లోనే ఆ కాలి మీద బరువు పడకుండా చూసి ఉంటే ఇంత అయ్యేది కాదని డాక్టరు నాయినతో అన్నాడు. ముసుర్లు పోకముందే తాత పోయాడు.

నాయనమ్మ చూడవచ్చిన వాళ్లందరికీ "మంచం తిప్పి సంపింది" అని చెప్పింది. ఊరు కూడా అదే అనుకుంది. అమ్మ ఒక్కరికీ జవాబు చెప్పలేదు. నాకు ఒళ్లు మండేది. ఎందుకు ఊరుకుంటావని అడిగితే, "ఆమె మొగడు పోయిండు బిడ్డా. ఎవరినో ఒకరిని అనాలె గద" అంది.

నా పెళ్లయిన చాలా ఏళ్లకు నాయనమ్మ తుంటి విరిగి మంచాన పడింది. తలాపు దక్షిణానికే ఉండాలంది, అమ్మ దక్షిణానికే వేసింది. పని మధ్యలో చేతులు తుడుచుకుని వచ్చి ఆమెను ఇటూ అటూ తిప్పేది. పిక్కల కింద దిండు సర్దేది, చీలమండలు, మడమలు నొక్కి చూసేది. కదిపితే నొప్పి కదా, నాయనమ్మ తిట్టేది. అమ్మ తిట్లు తింటూనే తిప్పేది. నాయనమ్మ పోయిన రోజు ఒంటికి నీళ్లు పోస్తుంటే నేను కాళ్ల దగ్గర ఉన్నాను. చీలమండల మీద ఒక్క మచ్చ లేదు. అమ్మ గెలిచిందనిపించి, ఆ మాట అనబోయి తలెత్తాను. అమ్మ ఆ పాదాలు పట్టుకుని ఏడుస్తోంది. "గప్పుడే నాకు ఎరుకుంటె మామ కాళ్లు గూడ గిట్లనే ఉంటుండె గద" అంది.

ఇప్పుడు అమ్మ లేదు. నేను జహీరాబాద్‌లో ఉంటున్నాను, నాకే మోకాళ్లు పట్టేశాయి. అయినా తెలిసినవాళ్లలో ఎవరైనా మంచాన పడ్డారని వింటే పిలవకపోయినా పోతాను. అందరూ పళ్లు పట్టుకుపోయి, ముఖం చూసి మాట్లాడి వస్తారు. నేను ముందు కాళ్ల వైపు దుప్పటి ఎత్తి చూస్తాను. ఈ ముసలిదానికి మర్యాద తెలియదని కొందరికి కోపం. ఉండనీ. మొన్న మా వీధిలో ఒకమ్మాయి మామగారి చీలమండ మీద ఎర్ర మచ్చ చూశాను. నొక్కితే తెల్లబడలేదు, కానీ తోలు ఇంకా చిట్లలేదు. ఆయనను తిప్పించి, పిక్క కింద దిండు పెట్టించి, దవాఖానకు ఆటో ఎక్కించేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు. ఆ అమ్మాయి బెదిరిపోయి ఏడుస్తోంది. "ఫికర్ చెయ్యకు బిడ్డా, ఇంకా ఏం మించిపోలె" అన్నాను. ఆ మాట మా అమ్మతో అనేవాళ్లు ఎవరూ లేకపోయారు.