కుండలో పడని పిడికెడు బియ్యం

నా చిన్నప్పుడు, యుద్ధం నడుస్తున్న రోజుల్లో, పొందూరులో ఒక షావుకారు పాకలో అద్దెకుండేవాళ్ళం. ఒకే వరసలో ఆరు తాటాకు పాకలు, ఆరూ ఆయనవే. నాన్న పోయాక అమ్మ రాట్నం మీద నూలు వడికితేనే మా పొయ్యి వెలిగేది. ప్రతి వేసవిలోనూ ఏదో ఒక పాక అంటుకునేది. షావుకారు కప్పు తిరిగి వేయించుకునేవాడు. లోపల కాలిన మంచం, బట్టలు, రాట్నం మాత్రం ఎవరి ఖర్మ వాళ్ళది.

ఈ సంగతి తలచుకుంటేనే మా నాయనమ్మకి ఒళ్ళు మండేది. ఇల్లు ఆయనదైతే ఇంట్లోవి మనవి కావా అని ఆరిళ్ళవాళ్ళనీ కూర్చోబెట్టి ఒక ఏర్పాటు చేసింది. రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఇంటికో పిడికెడు తీసి, పక్కింటి అక్క దగ్గరున్న కుండలో వెయ్యాలి. ఎవరి ఇల్లు కాలితే ఆ బియ్యం వాళ్ళది. దాంతో ముందు బతుకుతెరువు సామాను సమకూర్చుకోవాలి. బియ్యం దొరకడమే గగనమైన రోజులవి, అయినా అందరూ ఒప్పుకున్నారు.

షావుకారుకి ఇది గిట్టలేదు. "కాలిపోద్దని ముందే కుండెడతారేటి? కీడుని పేరెట్టి పిలిసినట్టు కాదా?" అన్నాడు.

నాయనమ్మ చేతిలో చాట దించకుండానే, "నానంటే అయిపోద్దేటి బాబూ? అలగైతే వాన పడాలని కూడా అంటన్నాను, పడనీ" అంది.

అందరూ నవ్వారు గానీ నాకు భయం పట్టుకుంది. మా ఇంటి పిడికెడు కుండలో వేసే పని నాది. మర్నాటి నుంచి ఆ బియ్యం దొడ్లో పిచ్చుకలకి వేసి వచ్చేదాన్ని. అమ్మ రాట్నం కాలకూడదని నా తాపత్రయం. అలా ఏడు రోజులు గడిచాయి.

ఎనిమిదో రోజు మిట్టమధ్యాహ్నం మా పాకే అంటుకుంది. మనుషులం బయటపడ్డాం. గాలి అటు లేదు గనుక మిగతా అయిదు పాకలూ దక్కాయి. రాట్నం దక్కలేదు. అమ్మ బూడిదలోంచి దాని కదురు తీసి పట్టుకుని కూలబడింది. పట్టపగలు అమ్మ పని లేకుండా కూర్చోవడం నేనదే మొదటిసారి చూడటం.

షావుకారు వచ్చాడు. "నాను సెప్పలేదా? ఆ కుండ తీసెయ్యండి. కాదంటే అందరూ ఖాళీ సెయ్యండి."

అప్పటికే పక్కింటి అక్క కుండ తెచ్చి మా ముందు పెట్టింది. అది చూసి నేను తట్టుకోలేకపోయాను. ఏడుస్తూ పిచ్చుకల సంగతంతా చెప్పేశాను. ఇక దెబ్బలు తప్పవనుకున్నాను.

నాయనమ్మ కొట్టలేదు. నా రెక్క పట్టుకుని తీసుకెళ్ళి షావుకారు ఎదుట నిలబెట్టింది. "ఇన్నావా బాబూ? కుండలో బియ్యమేసిన అయిదిళ్ళూ నిలబడే ఉన్నాయి. ఎయ్యనిది మాదొక్కటే. మరి మాదే ఎందుకు కాలినాది?"

షావుకారు కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ బియ్యం తీసుకుని వడ్రంగి అమ్మకి కొత్త రాట్నం చేసిచ్చాడు. నాయనమ్మ మాత్రం నన్ను వదిలిపెట్టలేదు. పిచ్చుకలు తిన్న ఏడు పిడికిళ్ళకీ సరిపడా నా కంచంలో అన్నం తగ్గించి, ఆ బియ్యం కుండలో నా చేతే వేయించింది. కుండా తీయలేదు, ఎవరూ ఖాళీ చేయలేదు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. అలాంటి మాటలు అనకూడదు మామ్మా, తథాస్తు దేవతలుంటారని మనవలు నా నోరు మూయబోతారు. నేను ఊరుకోను. ఇల్లు కాలొచ్చంటాను, దొంగలు పడొచ్చంటాను, గట్టిగానే అంటాను. అందుకు మీరేం చేసి పెట్టుకున్నారని అడుగుతాను. కీడుకి జడిసి నేను చెయ్యి ముడుచుకున్నది జన్మలో ఆ ఒక్క వారమే. మా అమ్మ రాట్నం కాలింది ఆ వారమే.