కల్లానికి వచ్చిన మేడమ్

మా మేడమ్ పోయారన్న కబురు నాకు కాలేజీ ఆఫీసు నుంచి వచ్చింది. ఫోన్ చేసిన గుమాస్తా రెండు ముక్కల్లో చావు సంగతి చెప్పేసి అసలు పనిలోకి వచ్చాడు. "ఆదివారం సంతాప సభండి. మీరొచ్చి జపనీస్‌లో నాలుగు మాటలు మాట్లాడాలంట. వెరైటీగా ఉంటుందని కరస్పాండెంట్ గారు చెప్పమన్నారు."

వెరైటీ అట. ఫోన్ పెట్టేశాక ఏడుపు రావలసింది పోయి ఒళ్ళు మండింది. ఇది ఆ మంటతోనే రాస్తున్నాను, చదివేవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ఆవిడ గుంటూరులో మా డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేవారు. పాఠం మధ్యలో ఎవరైనా తలూపితే, "అర్థమై ఊపావా, నిద్రొచ్చి ఊపావా?" అని అడిగేవారు. తొంభైల చివర్లో మా కాలేజీకి జపాన్‌లో ఒక యూనివర్సిటీతో ఒప్పందం కుదిరింది. ఏడాదికి ఒకరు అక్కడికి వెళ్ళి వాళ్ళ భాష, ఆచార వ్యవహారాలు చదువుకుని రావచ్చు. ఖర్చంతా వాళ్ళదే. అక్కడి నుంచి వచ్చిన ప్రొఫెసర్ మా అందరితో మాట్లాడి నన్ను ఎంచుకున్నారు. వారం తిరక్కుండానే మా కాలేజీవాళ్ళు నా బదులు ఒక అబ్బాయి వెళ్తాడన్నారు. మేడమ్ నన్ను వెంటబెట్టుకుని కరస్పాండెంట్ గదికి వెళ్ళారు.

"ఆడపిల్లండి. అందులోనూ పల్లెటూరు. వాళ్ళ నాన్న ఒప్పుకోడు," అన్నాడాయన.

"అడిగారా?"

"అడిగేదేముంది? ఆ ఊళ్ళు నాకు తెలియనివా?"

"ఆయన కూతురి సంగతి ఆయన్ని అడక్కుండా మీరే తేల్చేస్తే ఎలాగండీ?"

ఒప్పిస్తే పంపుతానని ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అరగలేదు.

ఆ ఆదివారమే మేడమ్ ప్రత్తిపాడు దాటి మా ఊళ్ళో బస్సు దిగారు. మా మిరపకాయ కల్లంలో ఎండుతోంది. నాన్న వేప చెట్టు కింద మంచం వాల్చి కూర్చోమన్నారు. ఆవిడ నేరుగా వెళ్ళి తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళ మధ్య చతికిలబడ్డారు. తెల్లబారిన కాయ కనిపిస్తే తీసి పక్కన పడేయడం, అంతే పని. కాసేపటికి కళ్ళజోడు సర్దుకోబోయి అదే చేత్తో కన్ను నలుపుకున్నారు. ఇక చూడాలి. అమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని పరుగెత్తింది.

"పాఠాలు చెప్పుకునేవాళ్ళకి మీకెందుకమ్మా ఈ పని?" అని కూలి మనుషులు నవ్వారు. ఆవిడా నవ్వారు, ఒంటికంటితో ఏరుతూనే.

అన్నాల దగ్గర నాన్నే కదిపారు. "పరాయి దేశం మేడమ్ గారూ. మీ అమ్మాయైతే పంపుతారా?"

"మా అమ్మాయికి ఈ అవకాశం రాలేదండి. మీ అమ్మాయికి వచ్చింది."

నాన్న మాట మార్చి వానల సంగతి ఎత్తుకున్నారు.

మా వైపు కల్లం దగ్గరకు వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపరు. పంపితే ఆ పంట కలిసిరాదంటారు. సాయంత్రం బస్సు వేళకు నాన్న మంచి కాయ ఏరించి సంచి నింపి తెచ్చారు. మేడమ్ చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"కాయలొద్దండి. మీ పిల్లనివ్వండి, చదివించి తెచ్చి మీకే అప్పజెబుతా. లేదంటే ఉత్త చేతుల్తోనే పోతా. ఇక మీ ఇష్టం."

కల్లమంతా పని ఆపి చూసింది. నాన్న సంచి కింద పెట్టి చాలాసేపు మీసం సవరించుకున్నారు. "నా కల్లంలోనే నన్ను పట్టేశారే మేడమ్ గారూ. సరే, తీసుకెళ్ళండి," అన్నారు.

అలా వెళ్ళాను నేను జపాన్. ఎవరి ముందు ఎంత వంగాలో, ముద్ద ఎత్తే ముందు చేతులెలా జోడించాలో, నొప్పించకుండా కాదనడం ఎలాగో నేర్చుకున్నాను. తిరిగొచ్చి ఇవన్నీ చెబుతుంటే మేడమ్ శ్రద్ధగా విని, "వాళ్ళకి కోపమొస్తే ఏం చేస్తారమ్మా?" అని అడిగారు.

"పైకి కనిపించనివ్వరు మేడమ్. నాకూ అలవాటైపోయింది."

"ఆ ఒక్కటీ మానుకో తల్లీ. కోపం మింగే ఆడదాన్ని మనవాళ్ళు బాగా మెచ్చుకుంటారు. మెచ్చుకుంటూ ఇంకాస్త మింగిస్తారు."

మరుసటి ఏడు ఇంకో అమ్మాయి కోసం ఆవిడ మళ్ళీ పోట్లాడారు. ఈసారి ఆవిడను ఒంగోలు బ్రాంచికి మార్చారు. అక్కడ అవసరమన్నారు. రిటైరయ్యేదాకా ఆవిడ రోజూ రానూ పోనూ బస్సుల్లో నలిగితే, నా ఫొటో మాత్రం కాలేజీ ప్రకటనల్లో ఏళ్ళ తరబడి నవ్వుతూనే ఉంది.

సభకు నాన్నను తీసుకుని వెళ్ళాను. ఫ్లెక్సీ మీద మేడమ్ బొమ్మ కంటే కరస్పాండెంట్ బొమ్మ పెద్దది. "ఆ రోజుల్లోనే ఆడపిల్లల్ని విదేశాలకు పంపిన ఘనత మన కాలేజీది. అందులో మేడమ్ గారు కూడా మాకు సహకరించారు," అన్నాడాయన. సహకరించారట. నాకు మైకు అందిస్తూ, "జపనీస్‌లోనేనమ్మా, రెండు నిమిషాలు," అని గొంతు తగ్గించి చెప్పాడు.

తెలుగులోనే మాట్లాడాను. ఆయన గదిలో జరిగింది, కల్లంలో జరిగింది, ఒంగోలు బదిలీ, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. రెండు నిమిషాలు దాటిపోయాయి. ఆయన వాచీ చూసుకున్నా ఆపలేదు.

నేను దిగుతుంటే నాన్న లేచి వచ్చారు. ఆయన చేతిలో గుడ్డ సంచి ఉంది. బస్సులో అదేంటని అడిగితే చెప్పలేదు. మేడమ్ ఫొటో ముందున్న పూలదండలు పక్కకు జరిపి అందులోని ఎండు మిరపకాయలు కుప్పగా పోశారు. ఒక్క తాలుకాయ లేదు.

"ఇవేంటండీ ఇక్కడ?" అన్నాడు కరస్పాండెంట్.

"ఆవిడవే. ఆ రోజు పిల్లని తీసుకుని ఇవి వదిలేసి వెళ్ళారు," అన్నారు నాన్న.

పైన ఫ్యాన్లు జోరుగా తిరుగుతున్నాయి. ముందు వరసలో ఒకరి తర్వాత ఒకరు దగ్గడం మొదలుపెట్టారు. కళ్ళు తుడుచుకుంటూ కూడా ఆ కాయలు తీసెయ్యమని ఎవరూ అనలేకపోయారు.