అమ్మ ఇంగ్లీషులోకి మారిన మధ్యాహ్నం

స్కోఫీల్డ్స్‌లో ఇప్పటి మా వంటింట్లో వాము నీళ్ళు మరుగుతున్నాయి. ఆ ఘాటుకు ఎవరికైనా కడుపు తేలికపడుతుంది. నాకు మాత్రం గుండె బరువెక్కుతుంది. పారమట్టాలో మేము అద్దెకున్న ఎర్ర ఇటుకల ఫ్లాటు, కూర్చుంటే నేలదాకా దిగిపోయే పాత సోఫా, దానికెదురుగా టీవీలో నీలం దీపాలు తిప్పుకుంటూ వచ్చే అంబులెన్సు, అన్నీ ఆ ఆవిరిలోంచే లేచివస్తాయి.

నా చిన్నప్పుడు ఒక ఏడాది, శనివారం సాయంత్రాలన్నీ ఒక బ్రిటిష్ సీరియల్‌వి. ఎమర్జెన్సీ వార్డులో జరిగే కథ. మాకది వినోదం కాదు, అమ్మ పాఠం. గుంటూరులో డాక్టరైన అమ్మ ఈ దేశంలో డాక్టరు కావాలంటే మళ్ళీ పరీక్షలు రాయాల్సివచ్చింది. రాతపరీక్ష గట్టెక్కింది కానీ, నటులు రోగుల్లా వచ్చి కూర్చునే పరీక్షలో జబ్బును సరిగ్గా పట్టుకుని కూడా మాటతీరు దగ్గర తప్పింది. "ఏమ్మా, ఎన్నాళ్ళనుంచి? ఏదీ, నాలిక చూపించు" అనే గుంటూరు వైద్యం ఇక్కడ చెల్లదు. ముందు తన పేరు చెప్పుకోవాలి, ముట్టుకోవడానికి అనుమతి అడగాలి, నొప్పికి నొచ్చుకోవాలి. ఆ మర్యాదలు నేర్చుకోవడానికి అమ్మ సీరియల్‌ని రికార్డు చేసి, ఆపి ఆపి చూసేది. ఆపినప్పుడల్లా నాకు కొత్త జబ్బు చేసేది. రోగి పాత్ర నాది, పాత్రలు తోమడం నాన్నది. అమ్మ ఇంగ్లీషులో, ఎక్కడ నొప్పో ఒక్క వేలితో చూపించమనేది, ఆ నొప్పి ఇంకెక్కడికైనా పాకుతోందా అని అడిగేది. "వేలితో చూపిస్తే పరవాలేదు చిన్నీ, ఛాతీ మీద గుప్పిట పెట్టి చూపించారంటేనే కంగారు" అని మధ్యలో తెలుగులో చెప్పేది. ఆ ఇంగ్లీషు ఆ సోఫా వరకే. నాన్నతో అమ్మకు తెలుగు తప్ప వేరే భాష లేదు, పోట్లాటకైనా పప్పులో ఉప్పుకైనా.

నా భయం జబ్బులతో మొదలు కాలేదు. ప్రతి భాగమూ ఎక్కడో హాయిగా మొదలయ్యేది. ఒకాయన నిచ్చెనెక్కి ఈలవేస్తూ చూరు శుభ్రం చేసేవాడు, ఒక తాత మనవరాలికి సైకిలు నేర్పేవాడు. వాళ్ళలో ఎవరు ఎక్కువ నవ్వుతారో వాళ్ళే కాసేపట్లో స్ట్రెచర్ మీద వచ్చేవారు. ఆ లెక్క నాకు వంటబట్టాక మా ఇల్లంతా మొదటి సీనులా కనిపించసాగింది. ఇక్కడ దీపావళి నాటికి వచ్చే ఎండాకాలం మొదట్లో కీచురాళ్ళు చెవులు హోరెత్తిస్తుంటే, బాల్కనీలో లుంగీ ఎగ్గట్టి స్టూలెక్కి, ఒక చేత్తో మామిడిముక్క చప్పరిస్తూ దోమతెర బిగించే నాన్నను చూస్తే నాకు సైరన్ వినబడేది. పైగా ఆయన నవ్వితే కింద కార్ల షెడ్డుదాకా వినిపించేది. "నవ్వకు నాన్నా" అని లుంగీ పట్టుకుని లాగేదాన్ని. "నవ్వకపోతే మీ అమ్మ వంట ఎట్టా అరుగుద్దే?" అని ఇంకా నవ్వేవాడు.

ఆ దీపావళికి తెలుగువాళ్ళమంతా ఆదివారం మధ్యాహ్నం పార్కులో కలిశాం. జకరండా పూలు రాలి నేలంతా ఊదారంగు. పార్కు వాళ్ళు పెట్టిన బార్బెక్యూ పెనం మీద ఆంటీలు బొబ్బట్లు కాలుస్తుంటే నేతి వాసనకు తెల్ల పక్షులు కూడా చుట్టూ చేరాయి. పిల్లలం కుంటాట ఆడుతున్నాం. నాన్న మిరపకాయ బజ్జీలు పంచుతూ, తింటూ, అందరికంటే గట్టిగా నవ్వుతున్నాడు. నేను కుంటుతూనే ఆయన మీద ఒక కన్నేసి ఉంచాను. ఉన్నట్టుండి ఆ నవ్వు ఆగింది.

బెంచీ మీద కూర్చుని నుదురు తుడుచుకుంటున్నాడు. "ఏం లేదు, గ్యాసు" అన్నాడు. మా ఇంట్లో కరెంటు పొయ్యే కాబట్టి గ్యాసంతా నాన్న ఛాతీలోనే ఉండేది. అందరూ ఆ మాట వెంటనే నమ్మారు, మనవాళ్ళకు అన్ని నొప్పులకూ అదే పేరు.

"బజ్జీలు పీకలదాకా లాగించావుగా బావా, సోడా తాగు, సెట్ అయిపోద్ది" అన్నాడు నాన్న స్నేహితుడు ప్రసాద్ అంకుల్. వాళ్ళావిడ ఫ్లాస్కులోంచి వాము నీళ్ళు పోసిచ్చింది. నాన్న ఒక గుక్క తాగి, గుప్పిట గుండె మీద పెట్టుకున్నాడు.

బొబ్బట్ల దగ్గర్నుంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏమండీ" అని ఒక్కసారి పిలిచి ఆ గుప్పిట చూసింది. తర్వాత ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నెమ్మదిగా, స్పష్టంగా, "షో మీ విత్ వన్ ఫింగర్. వేర్ ఈజ్ ద పెయిన్? డజ్ ఇట్ మూవ్ ఎనీవేర్?" అంది.

నాన్నతో అమ్మ ఇంగ్లీషులో మాట్లాడుతోంది. గ్యాసు అనే మాటకు ఆ ఇంగ్లీషులో చోటు లేదు. నాన్నకూ అది అర్థమైనట్టుంది, నన్ను చూసి నవ్వబోయి మానేశాడు. నేను అన్నాళ్ళూ అడిగినట్టే. అమ్మ తన సంచీలోంచి ఆస్పిరిన్ తీసి ఆయన నోట్లో వేసి నమలమంది, ప్రసాద్ అంకుల్‌ని అంబులెన్సుకు ఫోన్ చెయ్యమంది, అదే గొంతుతో.

ఆస్పత్రిలో మమ్మల్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. మెత్తటి కుర్చీలు, బల్ల మీద టిష్యూల డబ్బా. ఆ గది నాకు తెలుసు. సీరియల్లో ఆ గదిలోకి వెళ్ళిన వాళ్ళెవరూ ఏడవకుండా బయటికి రాలేదు. అమ్మకూ తెలుసు, ఆ డబ్బా వైపు చూడటం లేదు. డాక్టరు వచ్చి తన పేరు చెప్పాడు, కూర్చోవచ్చా అని అడిగాడు. మర్యాద పెరిగేకొద్దీ నా ఊపిరి తరిగింది. గుండె నాళం మూసుకుపోయిందనీ, తెరిచామనీ, సరైన సమయానికి తెచ్చారనీ చెప్పాడు. అమ్మ అతనికి "అమ్మయ్య" అని తెలుగులో జవాబిచ్చి, అప్పుడు టిష్యూ తీసుకుంది.

ఆ సీజన్‌లో మిగిలిన భాగాలు మేము చూడలేదు. తర్వాతిసారి అమ్మ పరీక్ష నెగ్గింది, ఎన్నో ఏళ్ళు అలాంటి వార్డులోనే పనిచేసి ఈమధ్యే రిటైరైంది. ఎర్ర ఇటుకల ఫ్లాటు కూలగొట్టి టవర్ కట్టారు. వారమంతా ఎదురుచూసి చూసే సీరియల్ ఇప్పుడు మా అమ్మాయి ఫోన్‌లో సీజన్లకు సీజన్లు ఉంది, ఆ పిల్ల మొదటి సీన్లు దాటించి చూస్తుంది. ఆ ఫ్లాటులోని తెలుగు కూడా పోయింది. తెలుగులో ఏమడిగినా మనవరాలు ఇంగ్లీషులో బదులిస్తుంది కాబట్టి అమ్మానాన్నలు కూడా ఆమె ముందు ఇంగ్లీషులోకి జారి, అక్కడే ఉండిపోయారు.

ఇప్పుడు మా ముందుగదిలో నాన్న "గ్యాసేలే" అంటున్నాడు. "ఆర్ యూ ఆల్‌రైట్?" అంటోంది అమ్మ. వాము నీళ్ళు పొంగుతున్నాయి. నేను స్టవ్ ఆపి, తలుపు దగ్గర నిలబడి, అది మనవరాలి ఇంగ్లీషో, ఆ సోఫా మీది ఇంగ్లీషో తేల్చుకోలేక ఆయన నవ్వు కోసం వింటున్నాను.