కౌన్సెలింగ్ గదికి అటాచ్డ్ బాత్రూం

ఆ రోజుల్లో చదువులు బాగుండేవి, గురువులంటే భక్తి ఉండేది, పిల్లలు క్రమశిక్షణతో మెలిగేవాళ్లు అని ఎవరైనా మొదలుపెడితే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ రోజుల్లో ఆడపిల్లలు కాలేజీకి వెళితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు ముట్టేవాళ్లు కాదు. మండువేసవిలో కూడా. అదీ క్రమశిక్షణ! ఎందుకు ముట్టేవాళ్లు కాదో ఆడవాళ్లకు ఈ వాక్యం పూర్తయ్యేలోపే అర్థమైపోతుంది, మగవాళ్లకు మాత్రం ఈనాటికీ విడమరిచి చెప్పాలి. మొన్న ఉప్పల్‌లో మెట్రో దిగి ఆటో కోసం నిలబడితే స్తంభం మీద ఒక యూనివర్సిటీ బోర్డు కనిపించింది. 'మా క్యాంపస్‌లో విద్యార్థులకు సకల సహాయ సేవలు' అట. ఆరోగ్య కేంద్రమట, మానసిక సలహా కేంద్రమట, మహిళా విభాగమట, పగలూ రాత్రీ పలికే హెల్ప్‌లైనట. పక్కన పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న అమ్మాయిలు. ఆ యూనివర్సిటీ ఒకప్పుడు ఘట్‌కేసర్ దాటాక రాళ్లగుట్టల మధ్య వెలిసిన మామూలు ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. దాని మొట్టమొదటి మానసిక సలహాదారును నేనే. ఆ 'సహాయ సేవ' ఎలా పుట్టిందో, ఎలా గిట్టిందో దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి రోడ్డు మీదే పళ్లు పటపటా కొరికాను. ఆటో అతను జాలిపడి, "ఏమైందక్కా, పన్ను నొస్తుందా?" అనడిగాడు.

అప్పటికి నేను సైకాలజీలో ఎం.ఏ. చేసి నాచారంలో ఇంటిపట్టునే ఉన్నాను. మా నాన్నకు మల్లాపూర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం. నేనేం చదివానని ఎవరైనా అడిగితే మా అమ్మ, "మనసుల మాట కనిపెట్టే సదువు" అని గొప్పగా చెప్పేది. దాంతో వాడకట్టులోని ఆడవాళ్లంతా వచ్చి, "ఏది, నా మనసుల ఏమున్నదో చెప్పు బిడ్డా" అని చేతులు చాపుకుని నా ఎదురుగా కూర్చునేవాళ్లు, నేనేదో హస్తసాముద్రికం చూసేదాన్నయినట్టు. ఆ సమయంలోనే ఆ కాలేజీని తనిఖీ చేయడానికి ఒక కమిటీ వచ్చి, "పిల్లలకు కౌన్సెలింగ్ ఏర్పాటు ఏది?" అని అడిగిందట. కాలేజీ కరస్పాండెంటు గోదావరి జిల్లా నుంచి వచ్చినాయన, అంతకుముందు రైసు మిల్లు నడిపినాయన. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. (పిల్లలు 'పాలసీసా' అనేవాళ్లు. నేను చెప్పానని చెప్పకండి.) మా నాన్నకు తెలిసినవాళ్ల ద్వారా నాకు కబురొచ్చింది.

"మీరేం చెప్తారమ్మా మా పిల్లలకి?" అన్నాడాయన ఇంటర్వ్యూలో.

"నేను చెప్పను సార్, వింటాను."

"వినడానికి జీతమా!" అని ఆయన పడిపడి నవ్వాడు. కానీ కమిటీ మళ్లీ వస్తానంది కాబట్టి ఉద్యోగం ఇచ్చాడు. వేరే గది కట్టడం దండగ కనక తన విశ్రాంతి గదినే నాకు కేటాయించాడు. ఒక మెత్తటి సోఫా, గోడ మీద సూర్యోదయం బొమ్మ, తలుపు మీద 'విద్యార్థి సహాయ కేంద్రం' అని బోర్డు. గదికి ఆనుకుని నీలం టైల్సు వేసిన బాత్రూం. అందులో నీళ్లు వచ్చేవి. గడియ పడేది. ఈ రెండు వాక్యాలూ చదివి 'ఇందులో వింతేముంది' అనుకునేవాళ్లు పుణ్యాత్ములు.

ఎందుకంటే ఆ కాలేజీలో ఆడపిల్లల బాత్రూం అని ఇంకొకటి ఉండేది, వర్క్‌షాపు వెనకాల. దానికి తాళం. తాళంచెవి ఆఫీసులో అటెండరు జేబులో. ఫీజు కట్టడానికి వరసలో నిలబడ్డ మగపిల్లలందరినీ దాటుకుని వెళ్లి, తల వంచుకుని, "అన్నా, తాళం" అనాలి. అతను ఊరంతా వినపడేలా "ఏ తాళం?" అనేవాడు. (ఏ తాళమో అతనికి తెలుసు. అతని దగ్గర ఉండే తాళమే అదొక్కటి.) ఇంత అవమానం పడి వెళ్లి తలుపు తీస్తే లోపల కుళాయిలో బుస్సుమని గాలి వచ్చేది. కాబట్టి ఆ పిల్లలు తెలివైన పరిష్కారం కనిపెట్టారు: నీళ్లు తాగకపోవడం. ఇంజనీరింగ్ కాలేజీ కదా.

నాకివేవీ తెలియవు. నేను చేరిన కొత్తలో నా గదికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. మగపిల్లలు కిటికీలోంచి తొంగి చూసి "పిచ్చి డాక్టరు వచ్చిందిరా" అని పరిగెత్తేవాళ్లు. నేను మాత్రం ఇస్త్రీ చీర నలగకుండా నిటారుగా కూర్చుని, మానవ మనస్సు అనే మహాసముద్రంలో దూకడానికి సిద్ధంగా ఉండేదాన్ని. చివరికి ఒకనాటి మధ్యాహ్నం జనగామ వైపు నుంచి రోజూ రైల్లో వచ్చే ఒక సన్నపాటి అమ్మాయి తలుపు దగ్గర నిలబడింది. తర్వాత్తర్వాత మేమందరం ఆమెను 'రైలు పిల్ల' అనేవాళ్లం.

"మేడం, జర లోపలికి రావచ్చా? మస్తు టెన్షన్ గున్నది."

నా గుండె ఎగిరి గంతేసింది. టెన్షన్! నా మొదటి కేసు! "రామ్మా, కూర్చో. ఎప్పట్నుంచి ఉంది?"

"పొద్దుగాల రైలెక్కినప్పటి సంది."

"దేని గురించి అనుకుంటున్నావు?"

పిల్ల పెదవి కొరికింది. కాలు మీద కాలు మెలేసింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మాకు పాఠాల్లో నేర్పిందేమిటంటే, ఇలాంటప్పుడు తొందరపెట్టకూడదు, మౌనంగా ఉండాలి, మౌనమే మనసు తలుపు తెరుస్తుంది అని. నేను మౌనం వహించాను. ఆ పిల్ల మెలికలు తిరుగుతోంది. నేను దయగా తల పంకిస్తున్నాను. ఎంత లోతైన గాయమో పాపం అనుకుంటున్నాను. చివరికి ఆ పిల్ల ఇక ఆగలేక ఒక్కసారిగా లేచి నిలబడి, "మేడం, మీ కాళ్లు మొక్కుత, మీ బాత్రూంకు పోత!" అని లోపలికి దూసుకెళ్లి గడియ పెట్టుకుంది. ఎం.ఏ.లో నాకు ఫస్టు క్లాసు వచ్చిందని మనవి.

మర్నాటి నుంచి నా సహాయ కేంద్రం కిటకిటలాడింది. "టెన్షన్ ఉంది మేడం" అంటూ ఇద్దరు, ముగ్గురు, గుంపులు. సోఫా నిండేది, తర్వాత నేల నిండేది. గది ఊడ్చే ఆయమ్మ, "నువ్వు ఈడ బుద్ధులు జెప్తున్నవా, బకెట్లు నింపుతున్నవా మేడం?" అని దెప్పేది. చదువంతా బూడిదలో పోసిన పన్నీరయిందని ఒక వారం కుమిలిపోయాను. ఆ తర్వాత ఒక విషయం గమనించాను. తమ వంతు వచ్చేదాకా కూర్చున్నవాళ్లు ఊరికే ఉండలేరు కదా, మాట్లాడేవాళ్లు. నా మొహం చూస్తూ కాదు, బాత్రూం తలుపు చూస్తూ. ల్యాబులో భుజం మీద చెయ్యేసే సారు గురించి, ఉప్పల్ రింగురోడ్డు నుంచి వెంటపడే బైకువాడి గురించి, ఫెయిలైన సబ్జెక్టుల గురించి. ఎదురుగా కూర్చోబెట్టి 'నీ బాధేమిటి' అని అడిగితే ఒక్కతీ చెప్పని మాటలన్నీ వరసలో కూర్చున్నప్పుడు వాటంతటవే వచ్చేవి. "మాది తెలుగు మీడియం మేడం. సార్లు ఇంగ్లీషుల జెప్తుంటే అందరు రాసుకుంటున్నరు, నేను ఊకె పెన్ను కదుపుత. పేజీ మీద గీతలే ఉంటయ్" అని రైలు పిల్ల చెప్పింది కూడా అలాగే. పక్కనున్న పిల్ల వెంటనే, "నీకు పెన్నన్న కదులుతుంది, నాకు నిద్రొస్తది" అంది. ఇద్దరూ పగలబడి నవ్వి, నవ్వితే ప్రమాదమని గుర్తొచ్చి ఆపుకున్నారు. ఆ నెలలోనే వాళ్లందరూ కలిసి నా సోఫాలో కూర్చుని పాఠాలు తెలుగులో చెప్పుకోవడం మొదలుపెట్టారు.

ఒకరోజు కరస్పాండెంటు అటుగా వచ్చి వరండాలో వరస చూసి నిర్ఘాంతపోయాడు.

"ఏంటమ్మా ఇది? ఇంతమందికి మెంటల్ ప్రాబ్లమా? బయట తెలిస్తే రేపు సీట్లు నిండుతాయా?"

"మెంటల్ కాదు సార్..."

"నాకు చెప్పకండమ్మా. మీరు కూర్చోబెట్టి అడుగుతున్నారు, వాళ్లు తెచ్చుకుంటున్నారు. అడక్కపోతే ఏ ప్రాబ్లమూ ఉండదు. మా మిల్లులో వందమంది పనిచేశారు, ఒక్కడికీ టెన్షన్ లేదు. సోమవారం నుంచి డిపార్టుమెంటు హెడ్డు పంపినవాళ్లే ఈ గదిలోకి రావాలి. ఆదివారం పేరెంట్స్ మీటింగులో మీరు స్టేజీ ఎక్కి, మా పిల్లలు హాయిగా ఉన్నారు, ఏ ఇబ్బందీ లేదు అని రెండు ముక్కలు చెప్పండి. చెప్పలేకపోతే సోమవారం మీరు కూడా రావక్కర్లేదు."

ఇంటికెళ్లి అమ్మతో చెప్పాను. "నోరు మూసుకుని రెండు ముక్కలు జెప్పి రా. నీ నోరు సంగతి నాకెర్క. పుట్టినప్పుడే నర్సమ్మతోని కొట్లాడినవ్" అంది. నిజంగా మంచిగానే చెప్పాలని వెళ్లాను. ఇస్త్రీ చీర కట్టుకున్నాను. కరస్పాండెంటు మైకు ముందు విద్యార్థి సహాయ సేవల గురించి ఎంతసేపు మాట్లాడాడంటే, ముందు వరసలో రైలు పిల్ల, ఆమె తల్లి, ఇంకా కొందరు ఆడపిల్లలు అసౌకర్యంగా కదలడం నాకు స్టేజీ మీది నుంచి కనిపించింది. ఆదివారం కాబట్టి నా గదికీ తాళం వేసి ఉంది. ఆయన మాత్రం "మా ఆడపిల్లలు మాకు లక్ష్ములు" అంటున్నాడు. అంతే, అరికాలి మంట మొదలైంది. మైకు నా చేతికొచ్చింది.

"మీ పిల్లలు నా దగ్గరికి రోజూ వస్తున్నారు. వాళ్లకు పిచ్చీ లేదు, దిగులూ లేదు. మూత్రం వస్తోంది. ఈ కాలేజీలో లక్ష్ములు పోవడానికి నా గదిలో తప్ప చోటు లేదు. రేపట్నుంచి అదీ మూసేస్తామంటున్నారు."

ఆ మాట మైకులోంచి బయటి గుట్టలకు తగిలి మళ్లీ వినిపించింది. పెద్దమనుషులు నేల చూశారు. అప్పుడు రైలు పిల్ల తల్లి కొంగు నడుముకు చుట్టి లేచింది.

"అయ్యో నా బిడ్డా! ఇంటికి రాంగనే బ్యాగు ఇసిరిగొట్టి ఉర్కుతది. అన్నం తినవానే, గంత తొందరేందే అని రోజు తిడ్తుంటి. గిందుకా! ఓ తెల్లంగిసారు, జర ఇటు సూడు. నీ బిడ్డనైతే గిట్లనే ఉంచుతవా?"

ఇక తల్లులందరూ లేచారు. "ఫీజులు గుంజుడు తెలుస్తది గని, నీళ్ల నల్ల పెట్టుడు తెల్వదా?" అని ఒకామె. "మా బర్రెలకు గూడ ఓ దొడ్డి ఉన్నది" అని ఇంకొకామె. పాలసీసా ముఖం రోజ్‌మిల్క్ రంగుకు తిరిగింది. తండ్రులు కూడా ఆలస్యంగానైనా వాళ్ల వెనక నిలబడ్డారని ఒప్పుకోవాలి.

వారం తిరక్కుండా వర్క్‌షాపు వెనక బాత్రూములకు తాళం పోయింది, నీళ్లు వచ్చాయి, రంగులు పడ్డాయి. ప్రారంభోత్సవం కూడా జరిగింది. కరస్పాండెంటే కొబ్బరికాయ కొట్టి, రిబ్బను కత్తిరించి, ఫొటో దిగాడు. (బాత్రూం ముందు అంత ఠీవిగా నిలబడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు.) తల్లుల భయానికి నన్ను రావద్దనే ధైర్యం ఆయనకు లేకపోయింది. నేను గెలిచాను. విజయగర్వంతో మర్నాడు నా గదిలో కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అంతకుముందు ఆ గదిలోకి వెళ్లే పిల్ల బాత్రూంకే వెళ్తోందని సాటి ఆడపిల్లలందరికీ తెలుసు, అందుకని ఎవరికీ సిగ్గనిపించేది కాదు. ఇప్పుడు వెళితే 'దీనికేదో ఉంది' అనుకుంటారు. నీలం టైల్సు, నేను, సూర్యోదయం బొమ్మ మిగిలాం.

నెల చివర ఆయన నవ్వుతూ వచ్చాడు. "చూశారామ్మా, ఒక్కరూ రావట్లేదు. ప్రాబ్లం తీరిపోయింది. మీ పని మీరు సక్సెస్‌ఫుల్‌గా పూర్తిచేసేశారు."

"ప్రాబ్లం తీరలేదు సార్. రావడానికి సాకు పోయింది."

"సాకుకి జీతం ఎక్కణ్ణుంచి తెచ్చిచ్చేదమ్మా?" అన్నాడు. నా ఉద్యోగం అలా ముగిసింది. ఇన్నేళ్లుగా ఆ ప్రశ్నకు తగిన జవాబు వెతుకుతున్నాను. స్నానం చేస్తున్నప్పుడు మంచి మంచివి తడుతుంటాయి, ఆయన ఎదురుగా ఉండడు.

ఆ సాయంత్రం కాలేజీ బస్సులో రైలు పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది. ఘట్‌కేసర్ స్టేషన్ దగ్గర దిగాల్సినది దిగలేదు. కొంతదూరం కిటికీలోంచి చూసి, "గిప్పుడు మేము ఏడికి రావాలె మేడం?" అంది. ఉప్పల్ వచ్చేదాకా ఆలోచించి, "నాచారం రండి, మా ఇంటికి. ఆదివారం" అన్నాను. ఏదో మాటవరసకు అన్నానంతే. వచ్చారు! మా ముందుగదిలో చాపలేసుకుని పాఠాలు, ఏడుపులు, నవ్వులు, ల్యాబు సారు మీద ఎవరికి ఎలా ఫిర్యాదు చేయాలో మంతనాలు. (ఆయన్ను పంపించేశారు చివరికి. ఆ కొట్లాట ఇంకో కథ, దాంట్లో మా అమ్మే ముందు నడిచింది.) "జీతం లేదు, పాడు లేదు, ఉప్మరవ్వ మాత్రం డబ్బాలకు డబ్బాలు ఒడుస్తున్నది" అని సణుగుతూనే అమ్మ పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టేది.

ఇప్పుడు నాకు కోపం వస్తే డాక్టరు మాత్ర పెంచుతాడు. అప్పుడు కోపం వస్తే ఉద్యోగం పోయేది, అయినా ఆకలి బాగా వేసేది. ఇస్త్రీ చీర కట్టుకుని మైకు పట్టుకున్న ఆ పిల్లను ఒక్కసారి పక్కకు పిలిచి, 'జర నిదానం బిడ్డా, ముందు ఇంకో ఉద్యోగం చూసుకుని అప్పుడు అను' అని చెప్పాలనిపిస్తుంది. దాని సంగతి నాకు తెలుసు, నాతోనే వాదనకు దిగుతుంది. గెలుస్తుంది కూడా, ముదనష్టపుది.